స్ట్రోక్ వస్తోందని గుర్తుపట్టడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ముందుగా ఒక మాట. మీ ఎదురుగా ఉన్న మనిషికి ఇప్పుడే, ఉన్నట్టుండి, మూతి ఒక పక్కకు లాగినా, ఒక చెయ్యి వాలిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా ఇది చదవడం ఆపి అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యండి. మిగతావన్నీ తీరిగ్గా చదువుకునే సంగతులు.

స్ట్రోక్ అంటే గుండెపోటేనా?

కాదు. గుండెపోటు గుండెకు వచ్చేది, స్ట్రోక్ మెదడుకు వచ్చేది. మన మాటల్లో మాత్రం ఈ రెండూ బాగా కలిసిపోయాయి. "ఆయనకు స్ట్రోక్ వచ్చిందట" అనగానే "గుండె అంత వీక్‌గా ఉందా?" అని అడిగేవాళ్ళు చాలామంది.

మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళంలో గడ్డ అడ్డుపడితే, ఆ నాళం మీద ఆధారపడ్డ భాగం చచ్చుబడటం మొదలవుతుంది. ఎక్కువ స్ట్రోకులు ఇలా వచ్చేవే. మిగిలినవాటిలో నాళం చిట్లి, రక్తం మెదడులోకో మెదడు చుట్టూనో చేరుతుంది. ఈ రెండిట్లో ఏది వచ్చిందో బయటినుంచి చూసి చెప్పలేం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఆస్పిరిన్ దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది.

పక్షవాతం అన్న పాత మాటతో ఇంకో చిక్కు ఉంది. పేరులోనే ఒక పక్క పడిపోవడం ఉంది కాబట్టి చెయ్యీ కాలూ పడిపోతేనే పక్షవాతం అనుకుంటాం. మాట ఒక్కటే పోయినా, చూపు ఒక్కటే తగ్గినా, నిలబడితే తూలిపోతున్నా అది కూడా ఇదే జబ్బు కావచ్చని తట్టదు. అలా తట్టకపోవడం వల్లే చాలామంది ఆలస్యంగా ఆసుపత్రికి చేరతారు.

అసలు ఏ గుర్తులు చూడాలి?

మూతి, చెయ్యి, మాట. ఈ మూడూ నోటికి వచ్చేస్తే చాలావరకు పని అయినట్టే. ఇంగ్లిష్‌లో ముఖం, చెయ్యి, మాట, టైము అనే నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపి దీన్నే ఫాస్ట్ అంటారు.

మూతి చూడాలంటే పళ్ళు కనపడేలా నవ్వమనండి. ఒక పక్క పెదవి చివర పైకి లేవకుండా ఉండిపోతుంది. ముక్కు పక్కనుంచి నోటి దాకా వచ్చే గీత ఆ వైపు చదునైపోతుంది. కొందరి నవ్వు ఎప్పుడూ కాస్త వంకరగానే ఉంటుంది. అనుమానం వస్తే ఫోన్‌లో ఉన్న పాత ఫొటో ఒకటి తీసి పోల్చుకోండి, పది సెకన్ల పని.

చెయ్యి చూడాలంటే రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు పైకి పెట్టి, కళ్ళు మూసుకుని పదివరకు లెక్కపెట్టమనండి. బలహీనపడ్డ చెయ్యి దబ్బున పడిపోనక్కర్లేదు. మెల్లగా కిందికి జారుతూ, అరచెయ్యి లోపలివైపుకు తిరిగిపోతుంది. కళ్ళు ఎందుకు మూయించాలంటే, తెరిచి ఉంటే చెయ్యి జారడం చూసుకుని మళ్ళీ సర్దేస్తారు. కాలు సంగతి నడకలో తెలుస్తుంది. పాదం ఈడుస్తారు, ఒక కాలి చెప్పు జారిపోతుంది, అది ఊడిపోయిందన్న సంగతి కూడా వాళ్ళకు తెలియదు. నా లెక్కన ఇంట్లోవాళ్ళు అన్నిటికన్నా తేలిగ్గా పట్టుకోగల గుర్తు ఈ చెప్పు జారడమే. కానీ "పాత చెప్పులు, వదులైపోయాయి" అనేసుకుంటాం.

మాట కోసం ఓ చిన్న వాక్యం చెప్పి తిరిగి చెప్పమనండి. "నిన్న సాయంత్రం వాన పడింది" లాంటిది ఏదైనా చాలు.

నాలుగోది టైము. గుర్తు కనిపించిన నిమిషం గడియారం చూసి ఎక్కడో ఒకచోట రాసుకోండి. ఆసుపత్రిలో మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న అదే.

మూడూ కలిసి వస్తేనే స్ట్రోకా?

ఒక్కటి చాలు. రెండోది కూడా వస్తుందేమో చూద్దామని కూర్చోకండి.

ఈ మూడూ లేకుండా కూడా స్ట్రోక్ వస్తుందా?

వస్తుంది, తప్పిపోయేవి కూడా ఎక్కువగా ఇవే. మెదడు వెనక భాగానికి, చిన్న మెదడుకు రక్తం అందకపోతే మూతి, చెయ్యి, మాట మూడూ బాగానే ఉండవచ్చు. మనిషికి మాత్రం ఉన్నట్టుండి గది గిర్రున తిరుగుతుంది, వాంతులు అవుతాయి, నిలబడితే ఒక పక్కకు ఒరిగిపోతారు. ఒకటి రెండుగా కనిపిస్తుంది. గుటక పడదు. "పైత్యం చేసింది", "గ్యాస్ తలకెక్కింది" అనుకుని పడుకోబెట్టే కేసులు ఇవే. కళ్ళు తిరిగిన ప్రతిసారీ స్ట్రోక్ కాదు, ఆ మాట నిజమే. చెవి లోపలి సమస్య వల్ల కళ్ళు తిరగడమే చాలా ఎక్కువ. కానీ కళ్ళు తిరగడంతోపాటు నడవలేకపోవడం, రెండుగా కనపడటం, మాట మారడం, ఒక పక్క తిమ్మిరి, వీటిలో ఏ ఒక్కటి తోడైనా ఆగొద్దు. సాయం లేకుండా అస్సలు నిలబడలేకపోతే అది ఒక్కటే చాలు.

చూపు సంగతీ అంతే. ఒక కంటికి తెర దించినట్టు చీకటి కమ్మవచ్చు. లేదా రెండు కళ్ళకూ ఒకే వైపు సగం కనపడకపోవచ్చు. ఆ రెండో రకంలో మనిషి "కళ్ళజోడు మార్చాలి" అంటారు గానీ, నడుస్తూ ఒకే వైపు ఉన్న తలుపులకు, కుర్చీలకు గుద్దుకుంటూ ఉంటారు. నడకలో తూలు, చూపులో తేడా అనే ఈ రెండిటినీ ముందు చేర్చి ఇప్పుడు చాలాచోట్ల బీ-ఫాస్ట్ అని నేర్పుతున్నారు.

నొప్పి ఉంటుందా?

చాలావరకు ఉండదు. అసలు ఇబ్బందంతా అక్కడే వచ్చింది. గుండెలో నొప్పి వస్తే మనిషి అరుస్తాడు, ఇంటిల్లిపాదీ పరుగెత్తుతారు. చెయ్యి నొప్పి లేకుండా బరువెక్కితే "కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే" అంటాడు. స్ట్రోక్‌లో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే మాట ఇదే అనిపిస్తుంది నాకు.

ఒక్క రకంలో మాత్రం నొప్పే ముందుంటుంది. మెదడు చుట్టూ రక్తం చేరినప్పుడు తలనొప్పి పిడుగు పడ్డట్టు వస్తుంది. మెల్లగా పెరిగేది కాదు, నిమిషంలోపే భరించలేని స్థాయికి చేరుతుంది. "జన్మలో ఇలాంటి తలనొప్పి రాలేదు" అని ఎవరైనా అంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. వాంతులు, మెడ బిగుసుకుపోవడం, స్పృహ తప్పడం తోడు కావచ్చు.

మనిషి "నాకేం కాలేదు" అంటుంటే ఎలా తీసుకెళ్ళాలి?

ఇలా ఊహించుకోండి. పెద్దాయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. ఎడమ చెయ్యి గుండీ దాకా వెళ్ళడం లేదు. "నాన్నా, ఎడమ చెయ్యి ఎత్తండి" అంటే కుడి చెయ్యి ఎత్తి, "ఎత్తాను కదరా" అంటారు. ఎడమ చెయ్యి ఒళ్ళో పడి ఉంది. ఆయన దాని వంక చూడను కూడా చూడరు. ఇది మొండితనం కాదు, అబద్ధమూ కాదు. మెదడు కుడి భాగం దెబ్బతిన్నప్పుడు శరీరంలో ఎడమ పక్క అనేది ఒకటుందన్న సంగతే కొందరి ఎరుకలోంచి జారిపోతుంది. చెడిపోయిందని గుర్తించాల్సిన భాగమే చెడిపోయింది మరి.

కాబట్టి ఆ సమయంలో వాళ్ళ మాట కన్నా మీ కళ్ళను నమ్మండి. వాదన పెట్టుకోవద్దు. "ఒకసారి చూపించుకుని వచ్చేద్దాం" అంటూనే ఫోన్ చేసేయండి. ఒప్పించడానికి పట్టే పావుగంటలో అంబులెన్స్ వచ్చేస్తుంది.

మాట తేడా అంటే ఎలా ఉంటుంది? ముద్దగా రావడమేనా?

రెండు రకాలు. ఒకటి నాలుక, పెదవుల కండరాలు సరిగా కదలక మాట ముద్దగా రావడం. మాటలు సరైనవే, పలకడమే పాడవుతుంది. పక్కనుంచి చూసేవాళ్ళు తాగాడేమో అనుకుంటారు.

రెండోది భాషే చెదిరిపోవడం. కళ్ళజోడు ఇమ్మని అడగబోయి "ఆ తాళం ఇవ్వు" అంటారు. లేదా నోరు తెరుస్తారు, కావలసిన మాట దొరకదు, చేత్తో చూపిస్తూ చిరాకు పడతారు. కొందరు గడగడా మాట్లాడేస్తారు గానీ ఒక్క మాటకూ అర్థం ఉండదు, మనం చెప్పేది వాళ్ళకు అందదు. చాలామందిలో భాష మెదడు ఎడమ భాగంలో ఉంటుంది. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి డాక్టరు, మాట పోయిన ఒక రోగి చనిపోయాక మెదడు పరీక్షించి ఎడమ ముందు భాగంలో దెబ్బ చూపించిన దగ్గరనుంచి ఈ సంగతి తెలుసు. ఎడమ మెదడు కుడి శరీరాన్ని నడుపుతుంది కాబట్టి మాట పోవడం, కుడి చెయ్యి పడిపోవడం తరచుగా జంటగా వస్తాయి. మాట ఒక్కటే చెదిరినప్పుడు మాత్రం ఇంట్లోవాళ్ళు మతి చలించిందనో, షాక్‌లో ఉన్నారనో పొరబడతారు. సులువైన పరీక్ష ఒకటుంది. చేత్తో చూపించకుండా, నోటితో మాత్రమే "కళ్ళు మూసుకో", "నాలుక చాపు" అని చెప్పండి. చేస్తారో లేదో చూడండి.

పది నిమిషాల్లో అంతా సర్దుకుంది. ఇక భయం లేనట్టేనా?

అసలు భయపడాల్సింది అప్పుడే. దీన్ని మినీ స్ట్రోక్ అంటారు, డాక్టర్లు టీఐఏ అంటారు. గడ్డ వచ్చి అడ్డుపడింది, దానంతటదే కరిగో జరిగో పోయింది. చాలావరకు ఇవి గంటలోపే తగ్గిపోతాయి. కానీ ఆ గడ్డ వచ్చిన చోటు అలాగే ఉంది. మెడలోని రక్తనాళంలో పేరుకున్న కొవ్వు కావచ్చు, లయ తప్పిన గుండె కావచ్చు. టీఐఏ తర్వాత అసలు స్ట్రోక్ వచ్చే ముప్పు మొదటి 48 గంటల్లో అన్నిటికన్నా ఎక్కువ. కారణం కనిపెట్టి వెంటనే మందులు మొదలుపెడితే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. అందుకని "సోమవారం చూపించుకుందాంలే" అనే జబ్బు కాదిది. తగ్గిపోయినా ఆ రోజే, ఆ గంటలోనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. పైగా మీరు ఫోన్ చేసే నిమిషంలో అది తగ్గిపోయే రకమా, ఉండిపోయే రకమా అన్నది ఎవరికీ తెలియదు.

ఎందుకింత తొందర? ఒక గంట అటూ ఇటూ అయితే ఏమవుతుంది?

2006లో ఒక లెక్క కట్టారు. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన స్ట్రోక్‌లో, వైద్యం అందకపోతే, నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయి.

గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. ఆల్టెప్లేజ్ అనే ఈ మందుకు స్ట్రోక్‌లో వాడటానికి 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. మొదట గడువు 3 గంటలే. 2008లో వచ్చిన యూరప్ పరిశోధన తర్వాత అది నాలుగున్నర గంటలకు పెరిగింది. టెనెక్టెప్లేజ్ అనే దాని తమ్ముడి లాంటి మందునూ ఇప్పుడు వాడుతున్నారు. పెద్ద గడ్డలకు ఇంకో మార్గం ఉంది. తొడ దగ్గర గానీ మణికట్టు దగ్గర గానీ రక్తనాళంలోకి సన్నని గొట్టం ఎక్కించి, మెదడు దాకా పంపి, గడ్డను బయటికి లాగేస్తారు. ఇది పనిచేస్తుందని 2015లో వరసగా వచ్చిన పరిశోధనలు తేల్చాయి. కొందరు రోగుల్లో స్కాన్ చూసి 24 గంటల వరకు చేయవచ్చని 2018లో తెలిసింది.

ఈ అంకెలు చెప్పాలంటే నాకు కాస్త జంకే. "నాలుగున్నర గంటలు ఉంది కదా, స్నానం చేసి బయల్దేరదాం" అనుకునేవాళ్ళు ఉంటారు. నాలుగున్నర గంటలు అనేది తలుపు మూసేసే టైము. మొదటి గంటలో ఇచ్చిన మందు చేసే మేలు నాలుగో గంటలో ఇచ్చింది చేయలేదు. ఆసుపత్రిలో స్కాన్‌కు, పరీక్షలకు పట్టే సమయం కూడా ఇందులోంచే పోవాలి.

నిద్ర లేచేసరికే చెయ్యి పడిపోయి ఉంటే టైము ఎలా లెక్కపెట్టాలి?

గడ్డ అడ్డుపడి వచ్చే స్ట్రోకుల్లో సుమారు ఐదింటిలో ఒకటి ఇలా నిద్రలో వచ్చేదే. అప్పుడు లేచిన టైము కాదు, మనిషి చివరిసారి మామూలుగా ఉన్నారని తెలిసిన టైము చెప్పాలి. రాత్రి పదకొండుకు మాట్లాడి పడుకున్నారు అంటే పదకొండే. మధ్యలో రెండింటికి బాత్రూమ్‌కు బాగానే నడిచి వెళ్ళడం మీరు చూశారా? అయితే రెండు. ఆ మూడు గంటల తేడా వైద్యాన్నే మార్చేయవచ్చు కాబట్టి కాస్త గుర్తుచేసుకోండి. గడువు దాటినట్టు అనిపించినా వెళ్ళడం మానొద్దు. ఎమ్మారై చూసి, స్ట్రోక్ వచ్చి ఎంతసేపైందో అంచనా కట్టి వైద్యం చేసే పద్ధతులు ఇప్పుడున్నాయి.

అంబులెన్స్ వచ్చేలోపు ఏం చెయ్యాలి?

పెద్దగా ఏమీ లేదు, అదే మంచిది. ఫోన్‌లో "స్ట్రోక్ అనుకుంటున్నాం" అన్న మాట స్పష్టంగా చెప్పండి, "ఒంట్లో బాగోలేదు" అనొద్దు. పక్కనే ఉండండి, బిగుతు బట్టలు వదులు చెయ్యండి. స్పృహ లేకుండా శ్వాస ఆడుతుంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి అయినా ఊపిరితిత్తుల్లోకి పోదు. శ్వాసే ఆడకపోతే ఫోన్‌లో ఉన్నవాళ్ళు చెప్పినట్టు ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. వాడే మందులన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్ళండి. ముఖ్యంగా రక్తం పలచబడే మందు వాడుతుంటే ఆ సంగతి, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారన్నదీ చెప్పాలి. ఇంట్లో షుగర్ చూసే మిషన్ ఉంటే ఒకసారి చూసి ఆ అంకె ఫోన్‌లోనే చెప్పండి. ఎందుకో కింద ఉంది.

కాస్త నీళ్ళు, ఒక ఆస్పిరిన్ ఇవ్వొచ్చా?

రెండూ వద్దు. స్ట్రోక్‌లో గుటక వేసే కండరాలు కూడా దెబ్బతినవచ్చు. గ్లాసెడు నీళ్ళు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెచ్చిపెట్టగలవు. మాత్రలూ అంతే.

ఆస్పిరిన్ సలహా గుండెపోటు నుంచి ఇక్కడికి పాకింది. ముందు చెప్పుకున్నాం కదా, గడ్డ అడ్డుపడిందో నాళం చిట్లిందో బయటికి తెలియదని. చిట్లిన మనిషికి రక్తం గడ్డకట్టకుండా చేసే మందు ఇస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. స్కాన్ అయ్యాక అవసరమైతే వాళ్ళే ఇస్తారు.

బీపీ 200 ఉందని నాలుక కింద మాత్ర పెట్టి దించేయడం కూడా ప్రమాదమే. అడ్డుపడిన నాళం దాటించి రక్తం పంపడానికి శరీరం బీపీని పెంచుకుంటుంది. ఒక్కసారిగా దించితే బతికి ఉన్న భాగానికి అందుతున్న ఆ కాస్త రక్తమూ ఆగిపోతుంది. ఇక వేళ్ళ చివర్లు, చెవి తమ్మెలు సూదితో గుచ్చి రక్తం కార్చమనే మెసేజ్ ఒకటి ఏళ్ళ తరబడి తిరుగుతోంది. అదంతా ఒట్టిదే. ఫార్వర్డ్ చేసినవాళ్ళను తిట్టక్కర్లేదు గానీ డిలీట్ చెయ్యండి.

దగ్గర్లో ఉన్న క్లినిక్‌కు వెళ్ళాలా, పెద్దాసుపత్రికా?

రాత్రీ పగలూ సీటీ స్కాన్ తీయగలిగి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలిగిన చోటికి. అది లేని చోట ఆగి సెలైన్ ఎక్కించుకుని, అక్కణ్ణుంచి ఇంకో చోటికి వెళ్తే గంటలు పోతాయి. అంబులెన్స్ వాళ్ళు ముందే ఫోన్ చేసి చెప్తే అక్కడ స్కాన్ సిద్ధంగా పెడతారు, అందుకే సొంత కారు కన్నా అంబులెన్స్ మేలు. మీ ఇంటికి దగ్గర్లో అలాంటి ఆసుపత్రి ఏదో ఈరోజే కనుక్కుని పెట్టుకోండి.

సీటీ స్కాన్ నార్మల్ వచ్చింది. అంటే స్ట్రోక్ కాదా?

కాకపోవచ్చు, కావచ్చు. మొదటి గంటల్లో సీటీ చేసే ముఖ్యమైన పని రక్తస్రావం లేదని తేల్చడం. గడ్డ వల్ల దెబ్బతిన్న భాగం అప్పటికింకా సీటీలో కనపడకపోవడం మామూలే. నిజానికి ఆ "నార్మల్" చూసే ఇంజెక్షన్ ఇవ్వడానికి ముందుకు వెళ్తారు.

మూతి వంకరపోతే అది స్ట్రోకేనా? వేరే కారణాలుంటాయా?

ఉంటాయి. ముఖ నరం వాచి వచ్చే బెల్స్ పాల్సీలో ఆ పక్క ముఖం మొత్తం పడిపోతుంది. కన్ను మూతపడదు, నుదుటి మీద ముడత పడదు. స్ట్రోక్‌లో సాధారణంగా నుదురు బాగానే ఉండి, కింది సగమే జారుతుంది. షుగర్ బాగా పడిపోయినా మాట తడబడి, ఒక పక్క బలహీనపడి, అచ్చం స్ట్రోక్‌లాగే ఉంటుంది. మిషన్‌తో చూడమన్నది అందుకే. ఫిట్స్ తర్వాత, కొన్ని మైగ్రేన్లలో కూడా ఇలా జరుగుతుంది.

ఇవన్నీ చెప్పాను గానీ, ఇంట్లో కూర్చుని తేల్చడానికి కాదు. తేల్చడం డాక్టరు పని. చివరికి స్ట్రోక్ కాదని తేలితే అక్కడ ఎవరూ విసుక్కోరు, వాళ్ళకు రోజూ ఉండేదే. చెయ్యి మీద తల పెట్టి పడుకుంటే తిమ్మిరెక్కి, నాలుగుసార్లు విదిలిస్తే పోయే తిమ్మిరి మాత్రం వేరు. దానికి టెన్షన్ అక్కర్లేదు.

వయసులో ఉన్నవాళ్ళకు కూడా వస్తుందా?

వస్తుంది. మెడకు దెబ్బ తగిలినా, ఒక్కసారిగా మెలిపడినా రక్తనాళం లోపలి పొర చీలి గడ్డ కట్టవచ్చు. గర్భంలోనూ, కాన్పు తర్వాతి వారాల్లోనూ ముప్పు పెరుగుతుంది. చూపులో మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉండి, పొగ తాగుతూ, ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్ళలో కూడా అంతే. కుర్రాళ్ళ విషయంలో గుర్తులు వేరేగా ఉండవు. ఎవరూ నమ్మరు, తేడా అంతే.

నెలల ముందే తెలిసే సూచనలు ఏమైనా ఉన్నాయా?

టీఐఏ తప్పిస్తే, ఒంట్లో పుట్టే ముందస్తు హెచ్చరిక అంటూ నమ్మదగ్గది లేదు. స్ట్రోక్ అంటేనే ఉన్నట్టుండి రావడం. ముందే తెలిసేవి కారణాలు మాత్రమే. అన్నిటికన్నా పెద్దది బీపీ, అదేమో లోపల ఉన్నా చప్పుడు చేయదు. గుండె లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే ముప్పు సుమారు ఐదు రెట్లు. నాడి పట్టుకుంటే ఒక తాళం లేకుండా అడ్డదిడ్డంగా కొట్టుకుంటుంది, ఈసీజీలో తేలుతుంది. షుగర్, పొగ, కొలెస్ట్రాల్ తెలిసినవే. 25 ఏళ్ళు దాటినవాళ్ళలో నలుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకసారి స్ట్రోక్ వస్తుందని 2018లో ప్రచురించిన ప్రపంచస్థాయి అంచనా.

ఒంటరిగా ఉన్నప్పుడు వస్తే?

మాట ఉండగానే ఫోన్ చెయ్యండి. ముందు అంబులెన్స్, తర్వాతే బంధువులు. స్పీకర్‌లో పెట్టి, తలుపు గడియ తీసి, దాని దగ్గర్లోనే కింద కూర్చోండి. బండి మాత్రం నడపొద్దు.

ఇదివరకే ఒకసారి స్ట్రోక్ వచ్చిన మనిషిలో కొత్తది ఎలా గుర్తుపట్టాలి?

మూతి ముందునుంచే కాస్త వంకర, చెయ్యి ముందునుంచే బలహీనం అయినప్పుడు మూతి, చెయ్యి, మాట పరీక్ష తికమక పెడుతుంది. ఇక్కడ పోల్చాల్సింది మామూలు మనిషితో కాదు, నిన్నటి ఆయనతో. నిన్న గ్లాసు పట్టుకున్న చెయ్యి ఇవాళ పట్టుకోలేకపోతే అది కొత్తదే అనుకోండి. జ్వరం, ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు పాత బలహీనత మళ్ళీ తేలడం కూడా ఉంది, కానీ దాన్ని విడదీయడం ఆసుపత్రిలోనే కుదురుతుంది. ఒక చిన్న పని చేసి పెట్టుకోండి. బాగున్న రోజున ఆయన నవ్వడం, రెండు చేతులూ చాపడం, నాలుగు మాటలు మాట్లాడటం, గదిలో అటూ ఇటూ నడవడం ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసి ఉంచండి. అనుమానం వచ్చిన రోజు దానితో పోల్చుకోవచ్చు, ఆసుపత్రిలో డాక్టరుకు కూడా చూపించవచ్చు.